నాలుగు కిలోల పెట్టె చంద్రుని చేరునా?

ఖానాపురం హవేలి నుండి ఒక శ్రోత వ్రాసిన ఉత్తరము కొన్ని దినములుగా మా బల్లమీద నున్నది. ఒకప్పుడు ఖమ్మము పట్టణమునకు వెలుపలి గ్రామమై, నేడు నగరములో కలిసిపోయిన ఆ చోటి నుండి మాకు వచ్చు ఉత్తరములు సాధారణముగా పాటల కోరికలో, పంటల సందేహములో అయియుండును. ఈ ఉత్తరము వేరు. వారి కుమారుడును, అతని మిత్రులు ముగ్గురును కలిసి చంద్రునికి ఒక చిన్న వ్యోమనౌకను పంప నిశ్చయించుకొన్నారట. అందుకొక లెక్క కూడ కట్టినారట. ఆ లెక్క వ్రాసిన నోటుపుస్తకపు కాగితమును తండ్రిగారు ఉత్తరమునకు జతపరచినారు.

ఆ లెక్క ఇది. 2023లో చంద్రుని చేరిన మన చంద్రయాన్-3 బరువు 3,900 కిలోలు. దానికైన వ్యయము సుమారు 615 కోట్ల రూపాయలు. అనగా కిలో ఒక్కింటికి 15 లక్షల 77 వేలు. కుర్రవారు పంపదలచిన పెట్టె బరువు 4 కిలోలు. కావున 63 లక్షలు చాలును. ఊరూర చందాలు వసూలు చేసినచో 63 లక్షలు రాకపోవునా?

తండ్రిగారు మమ్ము మూడు ప్రశ్నలడిగినారు. ఈ లెక్క నిజమేనా? బోరుబావికని దాచియుంచిన రెండు లక్షల రూపాయలను మొదటి చందాగా ఇమ్మని అబ్బాయి కోరుచున్నాడు, ఇయ్యవచ్చునా? పెరటిలో ఏవో పొడులు కలిపి ముందుగా ఒక చిన్న రాకెట్టు చేసి చూతుమనుచున్నారు; చేయనీయవచ్చునా?

మేము ఆ కాగితమును రెండు మారులు చూచితిమి. గుణకారములో తప్పు లేదు. భాగహారములోను లేదు. తప్పున్నది వేరొక చోట. ఆ చోటేదో చూపి, ఆ మూడు ప్రశ్నలకును సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట దూరము సంగతి చూతము. ఖమ్మము నుండి సరిగా దక్షిణమునకు ఒక గీత గీసినచో, ఆ గీత సుమారు 390 కిలోమీటర్ల దూరమున శ్రీహరికోటకు చేరువగా పోవును. రెండు ఊళ్ళును దాదాపు ఒకే రేఖాంశమున నున్నవి. ఆ గీతనే నిటారుగా ఆకాశమునకు నిలిపితిమా, అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము తిరుగుచున్న ఎత్తునకు దాదాపుగా చేరును. అట్టి గీతలు వేయింటిని ఒకదానిపై నొకటి నిలిపినచో చంద్రుడు అందును. భూమికిని చంద్రునికిని నడుమ సగటున 3,84,400 కిలోమీటర్లు. ఖమ్మము నుండి శ్రీహరికోటకు వేయి మారులు పోయినంత దూరము. లారీ నడుపువారు కొందరు తమ జీవితకాలములో ఇంతకంటె ఎక్కువ దూరమే తిరిగియుందురు. కాబట్టి దూరమును చూచి భయపడవలసిన పని లేదు.

భయపడవలసినది వేగమును గూర్చి. రాయిని పైకి విసరినచో అది కొంత ఎత్తు పోయి మరల మన తలమీదికే వచ్చును. ఎంత గట్టిగా విసరినను అంతే, ఇంకొంచెము ఆలస్యముగా వచ్చును. అది క్రింద పడక భూమిచుట్టు తిరుగవలెనన్న, పైకి విసరుట చాలదు. అడ్డముగా, సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగముతో విసరవలెను. ఖమ్మము నుండి శ్రీహరికోటకు యాబది సెకనులలో పోవు వేగమది. అక్కడినుండి చంద్రుని వైపు సాగవలెనన్న ఆ వేగమును దాదాపు 11 కిలోమీటర్లకు పెంచవలెను.

ఎత్తునకును వేగమునకును గల ఈ భేదమును గ్రహింపకపోవుటచేతనే చాలమంది పొరబడుదురు. పత్రికలలో ఔత్సాహికులు అంతరిక్షమును చేరినారని చదువుచుందుము. అది అబద్ధము కాదు. 2004 మే 17న అమెరికాలోని నెవాడా ఎడారి నుండి ఔత్సాహికుల బృందమొకటి పంపిన రాకెట్టు సుమారు 115 కిలోమీటర్ల ఎత్తునకు పోయినది. 2024 అక్టోబరు 20న దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు స్వయముగా నిర్మించిన రాకెట్టు 143 కిలోమీటర్లు ఎగిరినది. 100 కిలోమీటర్ల ఎత్తును అంతరిక్షమునకు గడపగా చెప్పుకొనుట వాడుక. అనగా విద్యార్థులు గడప దాటినారు. కాని దాటిన వెంటనే ఆ రాకెట్లు మరల నేలకు వచ్చినవి. ఒక కిలో బరువును 100 కిలోమీటర్ల ఎత్తునకు లేపుటకు కావలసిన శక్తికంటె, అదే కిలోను భూమిచుట్టు కక్ష్యలో నిలుపుటకు సుమారు ముప్పది రెట్లు కావలెను. చంద్రుని దారి పట్టించుటకు సుమారు అరువది రెట్లు కావలెను.

మన తెలుగునాట ఉదాహరణము కూడ కలదు. హైదరాబాదులో 2018లో స్కైరూట్ ఏరోస్పేస్ అను ప్రైవేటు సంస్థ వెలసినది. స్థాపించినవారు పవన్ కుమార్ చందన, నాగభరత్ డాక. ఇరువురును అంతకుముందు ఇస్రోలో ఇంజనీర్లుగా పనిచేసినవారే. వారి విక్రమ్-ఎస్ అను రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి ఎగిరినది. దేశములో ప్రైవేటు సంస్థ యొకటి నిర్మించి పంపిన మొదటి రాకెట్టు అది. ఆరు మీటర్ల పొడవు. అది 89.5 కిలోమీటర్ల ఎత్తునకు పోయి, బంగాళాఖాతములో పడినది. అట్లు పడునట్లుగనే దానిని పంపినారు. విద్య, అనుభవము, ధనము, ఇస్రో ప్రయోగశాలల సహాయము అన్నియు నున్నవారే తొలి మెట్టును అంత ఎత్తున పెట్టుకొనిరనిన, పెరటి రాకెట్టు చంద్రుని మాట యెట్లు తలపెట్టగలదు?

వేగము సంపాదించుట అంత కష్టమేల యని అడుగవచ్చును. ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచ మీదుగా భద్రాచలమునకు పూర్వము ఎడ్లబండ్లపై పోయెడివారు. దారిలో ఎక్కడను గడ్డి దొరకదని యనుకొందము. అప్పుడు ఎడ్లకు కావలసిన గడ్డినంతయు బండిమీదనే వేసికొని పోవలెను. గడ్డి బరువెక్కువైనచో ఇంకొక జత ఎడ్లను కట్టవలెను. ఆ ఎడ్లకును గడ్డి కావలెను. ఆ గడ్డికి మరల బండి కావలెను. తుదకు బండ్ల వరుస అంతయు గడ్డియే యగును. యాత్రికుడు కూర్చుండుటకు చివర ఒక మూల మాత్రము మిగులును. రాకెట్టు సంగతి సరిగా ఇదియే. దారిలో దానికి గాలి కూడ దొరకదు. ఇంధనమును, దానిని మండించు ప్రాణవాయువును రెంటిని మోసికొనియే పోవలెను.

ఈ చిక్కును 1903లో గణితసూత్రముగా ప్రకటించినవాడు రష్యా దేశపు ఒక పాఠశాల ఉపాధ్యాయుడు, త్సియోల్కోవ్‌స్కీ. ఆయన సూత్రము ప్రకారము, వెనుకకు చిమ్ము వాయువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో, రాకెట్టు తాను 3 కిలోమీటర్ల వేగము పుంజుకొనునప్పటికి మిగులు బరువునకు 2.7 రెట్లు బరువుతో బయలుదేరవలెను. 6 కిలోమీటర్ల వేగము కావలెనన్న 2.7ను 2.7తో గుణింపవలెను. నేల నుండి లేచి, గాలిని చీల్చుకొని, కక్ష్య చేరి, చంద్రుని దారి పట్టి, అక్కడ వేగము తగ్గించుకొని మెల్లగా దిగువరకు మొత్తము వేగపు మార్పులను కూడినచో సుమారు 15 కిలోమీటర్లగును. అనగా 2.7ను అయిదు మారులు వేసి గుణింపవలెను. ఫలితము 140కి పైగా వచ్చును. చంద్రుని నేలపై ఒక కిలో దిగవలెనన్న, ఇక్కడ 140 కిలోలు బయలుదేరవలెనన్నమాట. ఇది కాగితము మీది లెక్క. ఆ దిగిన కిలోలోనే ఖాళీ తొట్లు, యంత్రములు, కాళ్ళు అన్నియు చేరియుండును.

చంద్రయాన్-3 అంకెలు చూచినచో ఇది కన్నులకు కట్టును. 2023 జూలై 14న శ్రీహరికోటలో లేచిన ఎల్.వి.ఎం.3 వాహనపు బరువు సుమారు 640 టన్నులు. అది మోసికొనిపోయిన నౌక 3.9 టన్నులు. అందులో దిగుటకై విడివడిన విక్రమ్ ల్యాండర్ ఇంధనముతో కలిపి 1,752 కిలోలు. దాని కడుపులో నుండి ఆగస్టు 23 తరువాత వెలికివచ్చి చంద్రుని నేలపై నడచిన ప్రజ్ఞాన్ బండి 26 కిలోలు. 640 టన్నుల గడ్డి బండ్లకు చివర 26 కిలోల యాత్రికుడు.

మన శాస్త్రజ్ఞులు పొదుపు చేయని చోటు లేదు. 1969 జూలైలో అపోలో-11 అతి భారీ వాహనముపై నాలుగు దినములలో చంద్రుని చేరి దిగినది. చంద్రయాన్-3 నలువది దినములు తీసికొన్నది. ఉయ్యాలను ఒక్క ఊపున ఆకాశమునకు ఎత్తుటకు బదులు, తిరిగి వచ్చినప్పుడెల్ల అదనుచూచి చిన్నగా త్రోసినట్లు, భూమికి దగ్గరగా వచ్చిన ప్రతి సారియు కొంచెము కొంచెము వేగము పెంచుచు దానిని పంపినారు. అట్లు చేయుటచే చిన్న వాహనము చాలినది.

ఇక కుర్రవారి లెక్కలోని తప్పును వ్రేలుపెట్టి చూపవచ్చును. బరువు తగ్గినంతగా ఖర్చు తగ్గునని వారు తలచిరి. అది ఉల్లిపాయల బేరములో నిజము. రాకెట్ల బేరములో నిజము కాదు. నాలుగు కిలోల పెట్టెకైనను, నాలుగు టన్నుల నౌకకైనను దారి చూపు యంత్రము కావలెను, దిక్కు సరిచేయు పరికరము కావలెను, భూమితో మాటలాడు రేడియో కావలెను, నేలపై పెద్ద ఆంటెనాలు కావలెను. ఇవి సగమునకు సగముగా కుదించుకొనిపోవు వస్తువులు కావు. రాకెట్టును చిన్నది చేసినకొలది మోతకూలి పెరుగును. భూమి కక్ష్యలోనికి ఉపగ్రహమును చేర్చిన వాహనములలో కెల్ల చిన్నదిగా పేరొందినది జపాను వారిది. 2018 ఫిబ్రవరి 3న 3 కిలోల ఉపగ్రహమును మోసిన ఆ రాకెట్టు బరువు 2,600 కిలోలు. కిలోకు 870 కిలోల వాహనము. మన ఎల్.వి.ఎం.3 భూమికి దగ్గరి కక్ష్యకు సుమారు 8 టన్నులు చేర్చగలదు; కిలోకు 80 కిలోల వాహనము చాలును. చిన్న బండికి పెద్ద కూలి!

ధనము సంగతి చూచినను అంతే. 2022 జూన్ 28న అమెరికావారు క్యాప్‌స్టోన్ అను 25 కిలోల చిన్న నౌకను చంద్రుని వైపు పంపిరి. చిన్న వాహనము, చిన్న నౌక, పొదుపు ప్రయత్నము. అయినను వ్యయము సుమారు 3 కోట్ల డాలర్లు. మన రూపాయలలో 200 కోట్లకు పైమాట. అది చంద్రునిపై దిగలేదు, చుట్టు తిరుగుటకు మాత్రమే పోయినది. చంద్రయాన్-3తో పోల్చిన బరువు నూటయేబదవ వంతునకు తగ్గినది. ఖర్చు మూడవ వంతునకు మాత్రమే తగ్గినది. కుర్రవారి కాగితమునకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

వారు చేర్చని ఖర్చు ఇంకొకటి కలదు. అది 615 కోట్లలో లేదు. శ్రీహరికోట నుండి మొదటి చిన్న రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరినది. 1979 ఆగస్టులో ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగము విఫలమైనది. 1980 జూలై 18న సఫలమైనది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండరు చంద్రునిపై దిగబోయి పడిపోయినది. ఆ వైఫల్యము నేర్పిన పాఠములన్నియు చంద్రయాన్-3కు ఉచితముగా దక్కినవి. అరువది యేండ్లు ఒక జాతి పెట్టిన పెట్టుబడి అది. చవుకగా కట్టిన ఇంటికి పునాది తాతగారు వేసియుంచినట్లు!

అట్లయిన ఇస్రో వంటి సంస్థల వెలుపల ఎవరును ప్రయత్నింపలేదా? ప్రయత్నించిరి. 2007లో గూగుల్ లూనార్ ఎక్స్ ప్రైజ్ అను పోటీని ప్రకటించిరి. ప్రభుత్వ ధనముపై ఆధారపడక చంద్రునిపై బండిని దింపి, 500 మీటర్లు నడిపి, చిత్రములు పంపిన మొదటి జట్టునకు 2 కోట్ల డాలర్ల బహుమానము. మన దేశము నుండి పోటీకి నిలిచిన ఒకే జట్టు టీమ్ ఇండస్. దానికి నాయకుడు రాహుల్ నారాయణ్ కంప్యూటరు వృత్తిలోనివారు. అంతరిక్షవిద్య వారి వృత్తి కాదు. బెంగుళూరులో పనిచేసిన ఆ జట్టు తరువాత ఇస్రోలో పనిచేసి విరమించిన అనుభవజ్ఞులను తోడు చేసికొన్నది. 2015 జనవరిలో, దిగు విధానమును రూపొందించినందుకు 10 లక్షల డాలర్ల మధ్యంతర బహుమానమును గెలుచుకొన్నది. అంతవరకు వచ్చియు, ధనము సమకూర్చుకొనుట కష్టమై, పి.ఎస్.ఎల్.వి. ప్రయోగపు ఒప్పందము 2018 ఆరంభమున రద్దయినది. ఆ మార్చి 31తో గడువు ముగిసినది. బహుమానమును ఎవ్వరును అందుకొనలేదు.

అదే పోటీలో నిలిచిన ఇజ్రాయెల్ జట్టు స్పేస్ ఐ.ఎల్. మరికొంత దూరము పోయినది. 2011లో యువ ఇంజనీర్లు ముగ్గురు మొదలుపెట్టిన ఆ ప్రయత్నము, దాతలు చేయూత నియ్యగా సుమారు 10 కోట్ల డాలర్ల పనిగా పెరిగినది. వారి నౌక 2019 ఫిబ్రవరిలో అద్దె వాహనముపై బయలుదేరి, ఏప్రిల్ 4న చంద్రుని కక్ష్య చేరినది. ఏప్రిల్ 11న దిగుచుండగా ఇంజను ఆగి, నేలకు గుద్దుకొన్నది. చంద్రునిపై గాలి లేదు కనుక గొడుగు విప్పి దిగుటకు వీలులేదు. అడుగడుగునకు ఇంజనుతో వేగమును తగ్గించుకొనవలెను. ఇక్కడి నుండి ఆజ్ఞ పోయి, జవాబు వచ్చుటకు రేడియో తరంగమునకు రెండున్నర సెకనులు పట్టును. అంతలో నౌక నేలను తాకియే యుండును. కనుక దిగునప్పుడు దానిని నడుపుటకు దాని బుద్ధియే దానికి దిక్కు.

ఇంతవరకు విని తండ్రిగారు నిట్టూర్చి, కాగితమును మడచి పెట్టవచ్చును. కొంచెమాగుడని మా మనవి. లెక్కలో ఒప్పుకూడ కలదు.

భద్రాద్రి రాముని కల్యాణపు తలంబ్రాలు కావలెనన్న ఎవ్వరును బస్సును కొనరు. ఆర్.టి.సి. వారు వాటిని పొట్లముగా ఇంటికి చేర్చుచున్నారు. బస్సు పోవునది ఎట్లును పోవుచున్నది. పొట్లమునకు మాత్రము కూలి ఇచ్చిన చాలును. అంతరిక్షమునకు కూడ ఇట్టి పొట్లములు పోవుచున్నవి. అయితే చంద్రుని దారిలో తిరుగు బస్సులు బహు కొద్ది. కూలి బహు ఎక్కువ. అమెరికాలోని ఒక ప్రైవేటు సంస్థ చంద్రుని నేలకు కిలో చేర్చుటకు 12 లక్షల డాలర్ల ధర ప్రకటించినది. ఆ లెక్కన మన 4 కిలోల పెట్టెకు సుమారు 40 కోట్ల రూపాయలు. పైగా ఆ సంస్థవారి మొదటి నౌక 2024 జనవరిలో బయలుదేరి, ఇంధనము కారిపోయి, చంద్రుని చేరకయే వెనుదిరిగి దగ్ధమైనది. కూలి చెల్లించినను పొట్లము చేరునన్న హామీ లేదు.

కాని కూలి లేకయే పోయిన పొట్లములు కలవు. 1961 డిసెంబరు 12న కాలిఫోర్నియాలోని రేడియో ఔత్సాహికులు తమ చేతులతో చేసిన ఆస్కార్-1 అను చిన్న ఉపగ్రహము భూమి కక్ష్యను చేరినది. దాని బరువు నాలుగున్నర కిలోలు. మన కుర్రవారి పెట్టె బరువే. సైన్యమువారి రాకెట్టులో సమతూకమునకై పెట్టు దిమ్మకు బదులుగా దానిని పెట్టనిచ్చిరి. అది సుమారు మూడు వారములపాటు ఒకే మాట పలికినది: మోర్సు భాషలో నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. అది ఆంగ్లములో పలకరింపు మాట. 28 దేశములలోని 570 మందికి పైగా ఔత్సాహికులు ఆ పలకరింపును తమ ఇండ్లలో విని, వ్రాసి పంపిరి.

ఆ త్రోవ మన దేశమునకును వచ్చినది. 2005 మే 5న శ్రీహరికోట నుండి ఔత్సాహిక రేడియోవారి కొరకే హామ్‌శాట్ అను ఉపగ్రహమును ఇస్రో పంపినది; అది 2014 వరకు పనిచేసినది. 2022 నవంబరు 26న హైదరాబాదులోని ధ్రువ స్పేస్ సంస్థ చేసిన థైబోల్ట్ అను రెండు బుల్లి ఉపగ్రహములు పి.ఎస్.ఎల్.వి. మీద పోయి, ఔత్సాహికుల సందేశములను అందుకొని మరల పంపినవి. పి.ఎస్.ఎల్.వి. పని ముగిసిన తరువాత మిగులు నాలుగవ అంచెనే తిరుగు ప్రయోగశాలగా ఇస్రో వాడుచున్నది. 2024 డిసెంబరు 30న అట్లు పోయిన 24 పరికరములలో చిక్కబళ్ళాపురపు ఇంజనీరింగు కళాశాల విద్యార్థుల రేడియో పరికర మొకటి. చిక్కబళ్ళాపురమునకు సాధ్యమైనది ఖమ్మమునకు అసాధ్యము కాదు. అది చంద్రుడు కాదు, నిజమే. కాని చంద్రునికి పోవు దారిలో మొదటి మెట్టు.

చంద్రుని వరకు పోయిన పొట్లములును లేకపోలేదు. 2014 అక్టోబరు 23న చైనా వాహనపు పై అంచెకు తగిలించి పంపిన 14 కిలోల పెట్టె యొకటి చంద్రుని ప్రక్కగా పోవుచు ఔత్సాహికుల తరంగములపై సందేశములు పంపినది. 2018 మే 21న చైనాలోని హార్బిన్ విద్యాసంస్థవారి లాంగ్‌జియాంగ్-2 అను 47 కిలోల నౌక బయలుదేరి చంద్రుని కక్ష్యను చేరినది. దానితో పోయిన జంటనౌక చేరలేకపోయినది. విద్యార్థులు చేసిన చిన్న కెమెరా అందులో కలదు. 2019 ఫిబ్రవరి 3న ఆ కెమెరా చంద్రుని ఆవలివైపును, దాని వెనుక నీలి బిందువువలె నున్న మన భూమిని ఒకే చిత్రములో పట్టినది. చిత్రము తీయుటకు ఆజ్ఞ పంపినది జర్మనీలోని ఒక ఔత్సాహికుని ఇంటి ఆంటెనా. ఆ చిత్రమును అందుకొన్నది నెదర్లాండ్సులో ఔత్సాహికులు బాగుచేసి నడుపుచున్న పాత రేడియో దూరదర్శిని. నౌకను పంపినది ఒక దేశము. దానితో మాటలాడినది మనవంటి గృహస్థులు.

రేడియో ఉన్న ఇండ్లవారు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. తరంగము దూరము వేయి రెట్లయినచో దాని బలము వేయింట వేయవ వంతు, అనగా పది లక్షలవ వంతునకు తగ్గిపోవును. కనుక చంద్రుని నుండి వచ్చు మాటను వినుటకు చెవి బహు మెలకువగా ఉండవలెను. నగరములో విద్యుద్దీపములు, మోటారులు, యంత్రములు చేయు గరగర ఆ మాటను మ్రింగివేయును. ఖమ్మము దాటి అడవి అంచుకు పోయినకొలది ఆ గరగర తగ్గును. చెట్లు తరంగమునకు అడ్డుగనుక తెరపి నేల చూచుకొనవలెను. నగరములోని కళాశాలకు లేని ఒక సౌకర్యము భద్రాద్రి దారిలోని పల్లెకు కలదన్నమాట.

మొదట వినవలసినది చంద్రుని కాదు. ఖమ్మమునకు శ్రీహరికోట యంత దూరమున, తలపై తిరుగుచున్న అంతరిక్ష కేంద్రమును. అందులోని ఔత్సాహిక రేడియో 145.800 మెగాహెర్ట్జ్ వద్ద అప్పుడప్పుడు మాటలను, చిత్రములను పంపుచుండును. వెదురుబద్దపై కొలతప్రకారము తీగలు కట్టి చేసిన ఆంటెనా, కంప్యూటరునకు తగిలించు చిన్న గ్రాహకము, ఇవి కొద్ది వేల రూపాయలలో కూడును. హైదరాబాదులో 1983 నుండి నడచుచున్న ఔత్సాహిక రేడియో జాతీయ సంస్థవారు శిక్షణ యిత్తురు. కేంద్రప్రభుత్వపు పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందినవారు వినుటయే కాక తామును పలుకవచ్చును. లైసెన్సు లేక ప్రసారము చేయుట నేరము. వినుటకుగల నియమములను కూడ ఆ సంస్థవారినే అడిగి తెలిసికొనుట మంచిది.

ఇక పొడుల మాట. దీనిని మెత్తగా చెప్పుట మాకు ధర్మము కాదు. రాకెట్టు మందు అనగా ఇంధనమును, దానిని మండించు పదార్థమును ఒకే డబ్బాలో దగ్గర చేర్చి పెట్టుట. బయటి గాలి అక్కరలేకయే అది మండును. నీరు చల్లినను ఆరునన్న నమ్మకము లేదు. రాపిడిచేతనో, ఒక నిప్పురవ్వచేతనో, గొట్టము బిగిసిపోవుటచేతనో అది క్షణములో బాంబగును. వ్రేళ్ళును, కన్నులును పోయిన తరువాత చంద్రుని చూచుట యెట్లు? లైసెన్సు లేక అట్టి మందు చేయుట ప్రేలుడు పదార్థముల చట్టము ప్రకారము నేరము కూడ. కుర్రవారికి ఎగురవేయు కోరిక యున్నచో, నీటిని, గాలిని ఒత్తి ఎగురవేయు ప్లాస్టిక్ సీసా రాకెట్టు కలదు. ఉపాధ్యాయుని ఎదుట, మైదానములో, దూరముగా నిలిచి ఎగురవేయవచ్చును. త్సియోల్కోవ్‌స్కీ సూత్రము దానికిని వర్తించును.

ఇప్పుడు ఖానాపురం హవేలి శ్రోతగారి మూడు ప్రశ్నలకు వరుసగా మా సమాధానములు. లెక్క నిజమా? కాదు. సొంత రాకెట్టుతో చంద్రునికి పోవుట ఔత్సాహికులకు 63 లక్షలతో కాదు, 63 కోట్లతో కూడ సాధ్యము కాదు. పొట్లముగా పోవుట విద్యాసంస్థల అండతో సాధ్యము. ముందు భూమి కక్ష్యకు, ఆ తరువాతనే చంద్రునికి. రెండు లక్షలు ఇయ్యవచ్చునా? ఇయ్యవలదు. బోరు వేయించుడు. అందులో కొద్ది వేలు తీసి, ఆంటెనాకును, గ్రాహకమునకును, హామ్ పరీక్షకును ఇయ్యుడు. ఊరివారి వద్ద చందాలు వసూలు చేయుట మాత్రము తగదు. చేరని చోటునకు చేర్చుదుమని సొమ్ము తీసికొనుట, ఉద్దేశము మంచిదైనను, తుదకు మాట తప్పుటయే యగును. పొడులు కలుపనీయవచ్చునా? ఒక్క దినము కూడ కలుపనీయవలదు.

కాని ఆ కాగితమును చింపవలదు. భాగహారము తెలిసిన బాలుడు చంద్రుని చూచి ఊరకుండక, కిలో ఎంత పడునని అడిగినాడు. ఆ ప్రశ్న అడుగనివారు ఎన్నటికిని సమాధానము కనుగొనలేరు. కాగితము వెనుకవైపు తెల్లగానే యున్నది. ఈ ప్రసంగము ముగిసిన తరువాత ఆ వైపున క్రొత్త లెక్క వ్రాయుమని చెప్పుడు: అంతరిక్ష కేంద్రము తమ ఊరిమీదుగా ఎన్ని గంటలకు పోవును, ఏ దిక్కున పొడచూపును, ఎన్ని నిమిషములు వినబడును. ఆ లెక్కకు జవాబు ఆ రాత్రియే వారి చెవులకు వినవచ్చును. విన్నదేమో మాకొక ఉత్తరము వ్రాయుమని చెప్పుడు.